గోడ మీద చిన్నాయన చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏది ఊగినా పలక ముక్కతోనే నిలబెట్టేవాళ్లు. మంచం కోడు కింద, బీరువా కాలు కింద, సరిగా పడని కిటికీ రెక్క సందులో, అవ్వ కూర్చునే పీట కింద, అన్నిచోట్లా ఒక నల్లటి ముక్క ఉండేది. మాది గిద్దలూరు. మా చిన్నాయన మాత్రం మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సెలవు దొరికినప్పుడు రైలెక్కి ఇంటికి వచ్చేవాడు. వచ్చేటప్పుడు సంచి అడుగున విరిగిన పలక ముక్కలు ఉండేవి. ఆ రాయి పొరలు పొరలుగా చీలుతుంది. ఎంత మందం కావాలంటే అంత మందం తీసుకోవచ్చు. అందుకే దాన్ని మించిన ఆపు లేదని మా ఇంట్లో అందరికీ నమ్మకం. చిన్నాయనకైతే అది నమ్మకం కూడా కాదు, గర్వం.

మా పెదనాయనకు ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. పెళ్లిళ్లకూ, మహానంది ప్రయాణాలకూ బాడుగకు తిప్పేవాడు. ఆ కారు గురించి మూడు సంగతులు చెప్పాలి. ఒకటి, పెదనాయనకు రేచీకటి. పొద్దు గూకితే స్టీరింగు పట్టడు. చీకటి ప్రయాణమైతే చిన్నాయన ఊళ్లో ఉన్నప్పుడే ఒప్పుకునేవాడు. రెండు, ముందు మడ్‌గార్డు లోపలి నట్లకు పెద్దవాళ్ల చేతులు అందవు. నా చెయ్యి అందుతుంది. కాబట్టి బండికి ఏం జరిగినా నన్ను పిలిచేవాళ్లు. మూడు, దాని హెడ్‌లైట్లు ఊగుతాయి. దీపం వెనక ఒక రేకు గిన్నె ఉంటుంది. దాన్ని మడ్‌గార్డుకు బిగించే బోల్టుల చుట్టూ రేకు తుప్పు పట్టి, రంధ్రాలు పెద్దవైపోయాయి. నట్టు ఎంత బిగించినా గిన్నె కదులుతూనే ఉండేది.

దసరాకు బండి కడిగి దీపాలకు గంధం, కుంకుమ పెట్టేటప్పుడు చిన్నాయన ఆ ఊగుడు చూశాడు. సంచిలోంచి పలక ముక్కలు తీసి, సన్నగా చీల్చి, రెండు దీపాల గిన్నెల చుట్టూ సందుల్లోకి గట్టిగా దిగ్గొట్టాడు. చేత్తో ఊపి చూస్తే కదల్లేదు. అవ్వ మురిసిపోయింది. "నా చిన్న కొడుకు చెయ్యి పడితే రాయి కూడా మాట ఇంటుంది" అంది. పెదనాయన ఒకసారి దీపం మీద వేళ్లతో తట్టి, కొబ్బరికాయ కొట్టాడు. చలికాలమంతా దీపాలు కదలకుండా ఉన్నాయి.

ఎండలు ముదిరిన తర్వాత ఒక రోజు చిన్నమ్మకు నొప్పులు మొదలయ్యాయి. అది ఆమెకు తొలి కాన్పు. చిన్నాయన ముందురోజే వచ్చి ఉన్నాడు. పొద్దుటి నుంచి చూసిన నర్సమ్మ, మధ్యాహ్నం దాటాక బయటికి వచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఇక్కడ తన వల్ల కాదనీ, నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలనీ చెప్పింది. ఆలస్యం చేస్తే ఇద్దరికీ ప్రమాదమని కూడా చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చిన్నాయన వైపు చూడలేదు, పెదనాయన వైపు చూసింది. రైలు వెళ్లిపోయింది. మా నాయన ఊళ్లో లేడు. జిల్లా కొత్తగా ఏర్పడిన రోజులవి. అంతకుముందు కర్నూలులో అయ్యే పనులకు ఇప్పుడు ఒంగోలు పోవాల్సి వచ్చేది, ఆయన ఆ పని మీదే పోయి ఉన్నాడు. ఇక మిగిలింది పెదనాయన కారు.

వెనక సీట్లో చిన్నమ్మను పడుకోబెట్టి అవ్వ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. ముందు పెదనాయన బండి నడుపుతున్నాడు, అవతలి తలుపు పక్కన చిన్నాయన, మధ్యలో నేను. నంద్యాల పోవాలంటే పడమరగా నల్లమల దాటాలి. పొద్దు ఆ కొండల వెనకనే గూకుతుంది కాబట్టి, మిగతా చోట్ల ఇంకా వెలుగు ఉండగానే కొండ కింద చీకటి పడుతుంది. చిన్నాయన చూపు పొద్దు మీదే ఉంది. కాసేపటికొకసారి "ఇంగా తొక్కు అన్నా" అంటున్నాడు. పెదనాయన తొక్కుతూనే ఉన్నాడు. రోడ్డు గతుకులమయం. గతుకు వచ్చినప్పుడల్లా వెనక చిన్నమ్మ మూలుగు, ముందు మడ్‌గార్డులో టకటకమని చప్పుడు. ఆ రెండో చప్పుడు పెదనాయన కూడా విన్నాడని ఆయన తల కాస్త పక్కకు వంచడంతో నాకు తెలిసింది.

దిగువమెట్ట దగ్గర ఫారెస్టువాళ్ల గేటు ఉంది. గేటు పక్కన వెల్ల వేసిన చిన్న గది, దాని ముందు చదునైన నేల. కొండ నీడ అప్పటికే గేటు దాటి వచ్చేసింది. పెదనాయన దీపాలు వేశాడు. గేటు కాపలాదారు బయటికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని బండి వైపు చూసి నవ్వాడు.

"ఏందన్నా, నీ బండికి మెల్లకన్నా? ఒక కన్ను నేల చూస్తాంది, ఒక కన్ను చెట్లెక్కింది."

నవ్వుతూనే కిటికీ దగ్గరికి వచ్చి వెనక సీటు చూశాడు. నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించి, "ఈ దీపాలతో ఘాటెక్కితే మలుపు యాడుందో కనపడదన్నా. మొన్ననే ఒక లారీ పడింది. గేటు తీస్తా, నాదేం పోయింది. కానీ చూసుకోండి" అన్నాడు.

చిన్నాయన అప్పటికే దిగి డ్రైవరు వైపుకు వచ్చేశాడు. "లెయ్యి అన్నా, నేను నడుపుతా. మలుపులన్నీ నాకు తెలుసు. పోదాం పా." అంటూ తలుపు పిడి పట్టుకున్నాడు. పిడి గలగలలాడింది. అది తుప్పు చప్పుడు కాదు. ఆయన చెయ్యి వణుకుతోంది.

పెదనాయన ఆ చేతిని చూశాడు. దిగి, తాళంచెవి జేబులో వేసుకుని, డిక్కీ తెరిచాడు.

చిన్నాయన అరిచాడు. లోపల ఆమె చస్తా ఉంటే నీకు రిపేరు కావాల్సి వచ్చిందా అన్నాడు. ఇంకా అనరాని మాటలు కొన్ని అన్నాడు. మా ఇంట్లో తమ్ముడు అన్నను అట్లా అనడం అంతకుముందు నేను వినలేదు. అవ్వ లోపలి నుంచి, "నోర్ముయ్యరా, అది భయపడతాంది" అని గదిమింది. పెదనాయన డిక్కీలోంచి ఒక్కొక్కటీ తీసి మడ్‌గార్డు మీద వరుసగా పెట్టాడు. స్క్రూడ్రైవరు, స్పానరు, కట్టు తీగ, పాత సైకిలు ట్యూబు ముక్క, కత్తి, చిన్న బలపం ముక్క. ప్రతి వస్తువునూ పెట్టి, ఒకసారి తాకి, తర్వాతిది తీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అంత నెమ్మది ఎందుకో అర్థం కాలేదు.

దీపం చుట్టూ ఉన్న మెరిసే రింగు విప్పగానే లోపలి నుంచి నల్లటి పొడి రాలింది. పలక ముక్కలు ముక్కలుగా లేవు. కుదుపులకు పొరలు విడిపోయి, ఒకదాని మీద ఒకటి జారి, గోటి మందం రేకులుగా, కొన్ని పిండిగా అయిపోయాయి. రాయి తన గుణం తాను చూపించింది. బల్ల మీద పొరలుగా చీలితేనే అది పలక అవుతుంది. అదే గుణం ఇక్కడ దీపాన్ని వదిలేసింది. కదలని మంచం కింద అది ఎన్నేళ్లయినా ఉంటుంది. కదిలే బండిలో ఉండదు. ఇదంతా నేను తర్వాత చదువుకుని చెప్పగలిగిన మాట. అప్పుడు నాకు తెలిసింది చిన్నాయన ముఖం మాత్రమే. ఆయన ఆ పొడిని అరచేతిలోకి తీసుకుని, "నేను పెట్టిందే" అన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు. అరుపు పోయింది. ఆ గొంతు అరుపు కంటే భయంగా ఉంది.

పెదనాయన ఆయన చెయ్యి దులిపి, "ట్యూబు పట్టుకో, సాగదీసి పట్టు" అన్నాడు. చిన్నాయన సాగదీసి పట్టుకుంటే కత్తితో పట్టీలు కోశాడు. నన్ను మడ్‌గార్డు కిందికి పంపాడు. చక్రం వేడిగా ఉంది, మట్టి కంట్లో పడుతోంది. రేకు అంచు మణికట్టు మీద గీసుకుంది. నట్లు వదులు చేసి, గిన్నెకూ మడ్‌గార్డుకూ మధ్య రబ్బరు పట్టీ తిప్పాము. రంధ్రాలు పెద్దవైన చోట పాత వాషర్లు లోపలికి దిగబడిపోతున్నాయి. వాటి కింద వేయడానికి వెడల్పయిన బిళ్లలు కావాలి. పెదనాయన ఒక్క క్షణం ఆగి, కిటికీ దగ్గరికి పోయి, "అమ్మా, నీ తాళాల గుత్తి ఇయ్యి" అన్నాడు.

అవ్వ తాళాల గుత్తికి పాతకాలం చిల్లికాణీలు గుచ్చి ఉండేవి. మధ్యలో గుండ్రటి బొక్క ఉన్న రాగి బిళ్లలు. పుట్టిన ప్రతి మనవడికీ మొలతాటికి ఒకటి కట్టి, మిగిలినవి దాచుకుంది. ఎవరు అడిగినా ఇచ్చేది కాదు.

"పుట్టేదానికి ఒకటి ఉంచి మిగతావి తీసుకో" అంది అవ్వ.

వెనక సీట్లో చిన్నమ్మ ఆ మాట విని ఏడ్చింది. పుట్టేదానికి అని అవ్వ అంత మామూలుగా అన్నందుకు ఏడ్చిందని ఇప్పుడు అనుకుంటాను.

రబ్బరు, దాని మీద చిల్లికాణీ, దాని మీద పాత వాషరు, ఆపైన నట్టు. చేత్తో తిప్పగలిగినంత తిప్పి స్పానరు అందుకున్నాను. పూర్తిగా బిగించకముందే పెదనాయన ఆగమన్నాడు. గిన్నె ఎటు చూడాలో తేల్చిన తర్వాతే చివరి బిగింపు. బలపంతో మడ్‌గార్డు అంచున, గిన్నె అంచున కలిపి ఒక గీత గీశాడు. మళ్లీ కదిలితే తెలియడానికి. తర్వాత బండిని చదును నేల మీద, వెల్ల గోడకు ఎదురుగా నిలిపాడు. దీపం దాదాపు చిన్నాయన నడుం ఎత్తుకు వస్తుంది. వెలుగు నడిబొడ్డు గోడ మీద అంతకంటే కాస్త కిందికి పడాలి. అప్పుడే రోడ్డు కనిపిస్తుంది, ఎదుటివాడికి కళ్లు చెదరవు.

"నువ్వు పోయి గోడ కాడ నిలబడు. నీ నడుం ఎత్తుకు బెత్తెడు కింద అరచెయ్యి ఆనించు. కదిలించొద్దు. నువ్వు కదిలిస్తే నాకు లెక్క తప్పుతుంది" అన్నాడు పెదనాయన.

చిన్నాయన పోయి నిలబడ్డాడు. బలపం పెదనాయన చెవి మీదనే ఉంది. నాకు అప్పటికే లెక్కలంటే ఇష్టం, అడ్డదారులంటే ఇంకా ఇష్టం. మడ్‌గార్డు కింది నుంచి తల బయటికి పెట్టి, "బలపంతో గోడ మీద గీత గీస్తే పోలా పెదనాయనా? చిన్నాయన ఎందుకు?" అన్నాను.

ఆయన వంగి నా చెవి దగ్గర, "నోరు మూసుకుని నట్టు చూడు" అన్నాడు. కోపంగా కాదు. రహస్యం చెప్పినట్టు.

దీపం వేశాడు. గోడ తెల్లగా వెలిగింది. ఆ వెలుగు మధ్య చిన్నాయన చెయ్యి, దాని పక్కన దానికంటే పెద్దగా దాని నీడ. చెయ్యి వణుకు సన్నది, నీడ వణుకు పెద్దది. ఐదు వేళ్లూ గోడ మీద కొట్టుకుంటున్నట్టు కనిపించాయి. పెదనాయన గిన్నెను కొంచెం పైకి, కొంచెం కిందికి తిప్పుతూ, "చెయ్యి మీదికి వచ్చిందా? ఇంగా కిందికా? నువ్వే చెప్పాల, నాకు సరిగ కనపడదు" అని అడుగుతున్నాడు. చిన్నాయన ముందు తన చెయ్యి నీడ వైపు చూశాడు. తర్వాత "కొంచెం ఎడమకు" అన్నాడు. "ఆఁ, ఇంగ కొంచెం." తర్వాత "ఆపు" అన్నాడు. ఆ ఆపు అన్న గొంతు ఆయన మామూలు గొంతు.

నేను స్పానరుతో బిగించాను. రెండో దీపానికి వచ్చేసరికి చిన్నాయన తనంతట తానే రెండడుగులు జరిగి చెయ్యి ఆనించాడు. గోడ మీద నీడ కదలడం లేదు. పెదనాయన దీపం కంటే ముందు ఆ నీడను చూశాడు. చూసి, అప్పుడు గిన్నె మీద చెయ్యి వేశాడు.

పని అయిపోయాక జేబులోంచి తాళంచెవి తీసి చిన్నాయన చేతిలో పెట్టాడు. జాగ్రత్త అని కూడా అనలేదు. కాపలాదారు గేటు ఎత్తి, "ఇప్పుడు కన్ను సక్కగుంది, పోయి రండి" అన్నాడు.

ఘాటు రోడ్డు మొదలైనప్పుడు పెదనాయన నాకు కూడా ఒక పని ఇచ్చాడు. ఎడమ దీపం వెలుగు కన్ను కొడుతుందేమో చూస్తూ ఉండాలట. కొడితే చెప్పాలట. నేను రెప్ప వేయకుండా ఆ వెలుగునే చూశాను. వెనక మూలుగు పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా చూశాను. ఒకచోట రోడ్డు దిగి కుడికి తిరుగుతుంది. ఆ మలుపులో చెడిపోయిన లారీ ఒకటి, వెనక దీపం లేకుండా, రోడ్డు మధ్యలో చీకట్లో చీకటిలా నిలబడి ఉంది. మా వెలుగు సరిగ్గా దాని వెనక చెక్కల మీద పడింది. చిన్నాయన కుదుపు లేకుండా బ్రేకు వేసి, పక్కకు తిప్పి, లోయ అంచున చక్రం ఆడించి దాటించాడు. చాలా దూరం పోయాక అవ్వ, "దీపం చెట్ల మీద ఉండుంటే కోతులు కనపడేటివి" అంది. చిన్నమ్మ నొప్పిలోనే నవ్వబోయి మళ్లీ మూలిగింది.

నంద్యాలలో ఆపరేషను చేశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. అవ్వ దాచిన చిల్లికాణీ ఆ పిల్ల మొలతాటికి కట్టింది. మిగతావి కారు అమ్మేదాకా హెడ్‌లైట్ల వెనకనే ఉన్నాయి. నేను వాటిని ఎప్పటికప్పుడు బిగిస్తూ వచ్చాను. మడ్‌గార్డు అంచున బలపం గీత చెరిగిపోతే మళ్లీ గీసేవాణ్ణి. రెండు గీతలూ ఎప్పుడూ ఒకదానికొకటి తప్పలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా చిన్నాయన ఆ కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ గోడ దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి, అరచెయ్యి గాల్లో ఆనించి చూపించేవాడు. "ఆ పొద్దు నేను చెయ్యి కదిలించుంటే దీపాలు కుదిరేటివా? మా అన్నకు రేచీకటి. నా చేతి మీద నమ్మకంతోనే అంతా" అనేవాడు. పలక ముక్కల సంగతి కూడా దాచేవాడు కాదు. తప్పు తనదే, దిద్దిందీ తన చెయ్యే అని రెండూ కలిపి చెప్పేవాడు. వినేవాళ్లు తల ఊపేవాళ్లు.

నేను ఒంగోలులో పాలిటెక్నిక్ చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు, ఆ పిల్ల పుట్టినరోజు నాడు, చిన్నాయన మళ్లీ లేచి గాల్లో చెయ్యి ఆనించాడు. అప్పటికి నాకు దీపం ఎత్తు, దూరం, వంపు అన్నీ కాగితం మీద లెక్క కట్టడం వచ్చు. గోడ మీద ఒక గీత చాలని, మనిషి అక్కర్లేదని, మనిషి చెయ్యి పైగా లెక్కను తప్పిస్తుందని చెప్పడానికి నోరు తెరిచాను. "అసలు చిన్నాయనా, బలపంతో" అన్నాను.

ఎదురుగా కూర్చున్న పెదనాయన అన్నం కలుపుతూ తల ఎత్తాడు. ఎడమ చేత్తో చెవి మీద, బలపం పెట్టుకునే చోట, ఒకసారి తాకి చెయ్యి దించేశాడు.

"బలపంతో ఏందిరా?" అన్నాడు చిన్నాయన, చెయ్యి ఇంకా గాల్లోనే ఉంచి.

"బలపంతో పెదనాయన మడ్‌గార్డు మీద గీసిన గీత గుర్తొచ్చింది చిన్నాయనా. అది ఇప్పటికీ తప్పలేదు" అన్నాను.

"ఎట్ల తప్పుతుంది, చెయ్యి ఎవరిది?" అని ఆయన కూర్చున్నాడు. పెదనాయన మళ్లీ అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు నా పని యంత్రాల దగ్గర. ఏదైనా ఆగిపోతే పిలుస్తారు. పోయేసరికి అక్కడ ఎప్పుడూ ఒకరు ఉంటారు. తన చేతిలోనే అది ఆగిపోయిందని ముఖం పాలిపోయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉంటారు. నేను పరికరాలు ఒక్కొక్కటీ వరుసగా బయట పెడతాను. పెట్టి, ఒకసారి తాకుతాను. తర్వాత ఆ మనిషిని పిలిచి టార్చి చేతికిచ్చి, వెలుగు ఎక్కడ పడాలో చూపించి, కదిలించొద్దు, కదిలిస్తే నాకు లెక్క తప్పుతుంది అంటాను. వెలుగు వణకడం ఆగేదాకా స్పానరు తియ్యను.

టార్చిని నిలబెట్టే స్టాండు ఒకటి నా సంచిలోనే ఉంటుంది. దాన్ని మాత్రం బయట పెట్టను.